కంప్యూటరుతో మాటలాడుట: లినక్సు తొలి పాఠములు

వెల్దుర్తి అను పేరు గల ఊరు తెలుగునాట ఒక్కటి కాదు. పల్నాడు జిల్లాలో మాచర్ల ప్రాంతమున, నల్లమల కొండల వైపున ఒక వెల్దుర్తి కలదు. కర్నూలు జిల్లాలో మరియొకటి, తెలంగాణమున మెదక్ జిల్లాలో ఇంకొకటి కలవు. మూడును మండల కేంద్రములే. కవరుపై "వెల్దుర్తి" అని మాత్రము వ్రాసి తపాలా పెట్టెలో వేసినచో, ఆ ఉత్తరము ఏ ఊరికి పోవలెనో తపాలా వారికి తెలియదు. జిల్లా పేరు కూడ వ్రాసిననే అది చేరవలసిన ఇంటికి చేరును. నేటి ప్రసంగ విషయమునకు ఈ చిన్న సంగతియే ప్రవేశిక. మాటలతో ఆజ్ఞలిచ్చి కంప్యూటరుచేత పని చేయించుకొను విద్యలో సగము ఈ చిరునామా విద్యయే.

కంప్యూటరు అనగానే నేడు మన కన్నులకు కట్టునది బొమ్మలతో నిండిన తెర. బొమ్మను నొక్కినచో పని జరుగును. అది సులభమైన పద్ధతియే. కాని తెరపై ఏ బొమ్మలు ఉన్నవో ఆ పనులు మాత్రమే మనము చేయగలము. అంతకు పూర్వమునుండియు మరియొక పద్ధతి కలదు. ఒక పంక్తిలో మాట వ్రాసి ఎంటర్ మీట నొక్కుట మన వంతు. ఆ మాట చదివి, పని చేసి, అవసరమైనచో బదులు వ్రాయుట యంత్రము వంతు. ఈ పద్ధతిని ఆజ్ఞాపంక్తి యని వ్యవహరింతము. దీనిని అలవరచుకొనుటకు మిక్కిలి అనువైన నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టమ్, లినక్సు.

మన ఇండ్లలో దీని అవసరమేమి యని ఎవరైన అడుగవచ్చును. విండోస్ 10 అను వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. దాని తరువాతిదైన విండోస్ 11 అనేకములైన పాత యంత్రములను అంగీకరింపదు. మిరప, ప్రత్తి పండించు పల్నాటి ఇంటిలో, అన్న చదువుకొనునప్పుడు కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నదనుకొందము. తమ్ముడు కళాశాలకు వచ్చునప్పటికి అది పనికిరానిదను పేరు తెచ్చుకొనుచున్నది. నిజమునకు యంత్రము చెడలేదు. దానికి తగిన వ్యవస్థ కరవైనది, అంతియే. క్రొత్తది కొనవలెనన్నచో ఆ యేటి మిరప ధర చూచుకొనవలెను. అట్టి యంత్రములను మరల పనిలోనికి తెచ్చుటకు లినక్సు సాధనము. 2 గిగాబైట్ల మెమరీ మాత్రమే గల యంత్రమునకు సయితము సరిపడు తేలికపాటి రూపములు కలవు. వెల చెల్లింపవలసిన పని లేదు.

దీని పుట్టుకను గూర్చి కొంచెము చెప్పవలెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. ఆనాడు తెరలు అరుదు. టైపు యంత్రమును పోలిన టెలిటైపుపై ఆజ్ఞ వ్రాయవలెను, బదులును దానిపైననే అచ్చుపడవలెను. ఆ కాలమున విరివిగా వాడిన టెలిటైపు సెకనుకు పది అక్షరములు మాత్రమే అచ్చువేయగలిగెడిది. ఆజ్ఞల పేర్లు రెండేసి, మూడేసి అక్షరములకు కుదించుకొనిపోవుటకు అదియు ఒక కారణము. ఆ పొట్టి పేర్లనే మనము నేటికిని వాడుచున్నాము.

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్మన్ అను అమెరికా దేశీయుడు గ్ను అను పథకమును ప్రకటించెను. ఎవరైనను వాడుకొనుటకు, లోపలి రచనను విప్పి చదువుటకు, మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు స్వేచ్ఛ గల వ్యవస్థను నిర్మించుట దాని ఆశయము. 1991 ఆగస్టు 25న ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క ఏండ్ల యువకుడు, తాను ఒక క్రొత్త వ్యవస్థను వ్రాయుచున్నానని తోటివారికి తెలియజేసెను. 1992లో అతడు దానిని గ్ను లైసెన్సు క్రిందకు తెచ్చెను. ఈ రెండు కృషుల కలయికయే నేటి లినక్సు.

పల్నాటి వారికి ఈ భావము క్రొత్తది కాదు. మాచర్లలో బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని ప్రతీతి. లినక్సు అట్టి చాపకూడు. పైగా ఇచట వంటవాడు వంట చేసిన విధమును కూడ దాచుకొనడు. ఇది బీదల పాలిటి నాసిరకపు వస్తువని తలపరాదు. ప్రపంచమున మిక్కిలి శక్తిమంతములని ఎన్నిక చేసి ప్రకటించు 500 కంప్యూటరుల పట్టికలో, 2017 నవంబరు నుండి అన్నియు లినక్సుపైననే నడచుచున్నవి. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనుల గర్భమున ఉన్నదియు లినక్సే.

తెలుగు మాట కూడ చెప్పుకొందము. లినక్సు పుట్టిన 1991లోనే యూనికోడ్ అను ప్రపంచ లిపుల పట్టిక తొలి రూపము వెలువడెను. అందు తెలుగు లిపికి 128 స్థానముల గడి ఏర్పడెను. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ యను సంస్థ, తెలుగులో పలుకు వ్యవస్థను తయారుచేయు పనికి పూనుకొని 2005లో మొదటి రూపమును వెలువరించెను. భారత ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ 2007లో బాస్ అను పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్సును విడుదల చేసెను. ఈ రెండింటికిని డెబియన్ అను లినక్సు రూపమే ఆధారము. మన పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏండ్ల తరబడి లినక్సుపైననే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు.

ఇక పనిలోనికి దిగుదము. ఇంటిలోని కంప్యూటరుపై ఉన్న వ్యవస్థను చెరపకయే లినక్సును చూడవచ్చును. డెబియన్, ఉబుంటు, మింట్ మొదలైన వాటిలో ఒకదానిని ఇంటర్నెట్టు నుండి దింపుకొని, పెన్‌డ్రైవుపైకి తగిన పద్ధతిలో ఎక్కించి, యంత్రమును దానినుండియే మేల్కొలుపవచ్చును. పెన్‌డ్రైవుపై ముందున్నదంతయు చెరిగిపోవును, కనుక ఖాళీదానిని వాడుట మంచిది. నచ్చిన తరువాతనే యంత్రములో స్థిరపరుపవలెను. అందుకు ముందు ఫోటోలు, కాగితములు మొదలైనవాటి నకలు వేరొక చోట భద్రపరుపవలెను. కంప్యూటరే లేనివారు ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అను ఉచిత సాధనమును పెట్టుకొని నేడు చెప్పబోవు ఆజ్ఞలలో చాలవరకు అభ్యసింపవచ్చును.

టెర్మినల్ అను కిటికీని తెరువగానే ఒక పంక్తియు, దాని చివర సాధారణముగా డాలరు గుర్తును కనబడును. "చిత్తము, సెలవిండు" అని యంత్రము వేచియున్నదని దాని అర్థము. నోటితో చెప్పు ప్రసంగము కనుక ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరముల పేర్లతో చెప్పెదను. అన్నియు చిన్న అక్షరములే. పెద్ద అక్షరమునకు, చిన్న అక్షరమునకు లినక్సు భేదము పాటించును. మన లిపిలో ఆ భేదము లేదు కనుక తెలుగువారు ఈ విషయమున కొంచెము మెలకువతో ఉండవలెను.

మొదటి ఆజ్ఞ పి, డబ్ల్యు, డి. "నేను ఎక్కడ ఉన్నాను?" అను ప్రశ్న యిది. రెండవది ఎల్, ఎస్. "ఇక్కడ ఏమేమి ఉన్నవి?" అని అడుగుట. మూడవది సి, డి. "అక్కడికి పోదము" అనుట. దీని తరువాత ఎడము విడిచి పోవలసిన ఫోల్డరు పేరు చెప్పవలెను. సి, డి తరువాత ఎడము విడిచి రెండు చుక్కలు పెట్టినచో ఒక మెట్టు వెనుకకు పోవుదుము. సి, డి మాత్రమే వ్రాసినచో ఎంత దూరము పోయినను మన ఇంటికి, అనగా మన పేర ఏర్పడిన ఫోల్డరునకు వచ్చి చేరుదుము. ఈ మూడు ఆజ్ఞలను ఒక వారము దినములు అటునిటు త్రిప్పి వాడినచో, కొత్త ఊరిలో వీధులు తెలిసినట్లు యంత్రములోని దారులు తెలియును.

ఆ దారుల అమరిక ఎట్టిది? భగవద్గీత పదునైదవ అధ్యాయములో వేళ్లు పైకిని, కొమ్మలు క్రిందికిని ఉన్న అశ్వత్థవృక్షము చెప్పబడినది. లినక్సులోని ఫోల్డరుల అమరిక సరిగా అట్టిదే. అన్నిటికి పైన ఉన్నది మూలము. దాని పేరు ఒక వాలుగీత మాత్రమే. దానినుండి కొమ్మలు, కొమ్మలనుండి రెమ్మలు, చివర ఆకుల వలె ఫైలులు. అభ్యాసమునకై ఎమ్, కె, డి, ఐ, ఆర్ అను ఆజ్ఞతో మన ఇంటిలో ఆంధ్ర, తెలంగాణ అను రెండు ఫోల్డరులు చేయుడు. ఆంధ్రలో పల్నాడు, కర్నూలు, తెలంగాణలో మెదక్ చేయుడు. మూడింటిలోను వెల్దుర్తి అను ఫోల్డరు ఉంచుడు. యంత్రము అభ్యంతరము చెప్పదు. ఒక పేరు ఒకే చోట రెండుమారులు ఉండరాదు గాని వేరువేరు చోట్ల ఎన్నిమారులైన ఉండవచ్చును. ఇప్పుడు పి, డబ్ల్యు, డి అని అడిగినచో "పల్నాడు, వాలుగీత, వెల్దుర్తి" అనియో, "మెదక్, వాలుగీత, వెల్దుర్తి" అనియో చివర గల పూర్తి చిరునామా వచ్చును. మూలమునుండి మొదలిడి చెప్పు చిరునామా ఎక్కడ నిలిచి చెప్పినను ఒక్క చోటికే పోవును. ఒట్టి "వెల్దుర్తి" అన్నచో మనము నిలిచిన చోటును బట్టి అర్థము మారును. ఈ భేదము మనసునకు పట్టినచో మిగిలిన విద్య సులభము.

తరువాత వ్రాయుట. నానో అని వ్రాసి, ఎడము విడిచి, ఒక పేరు చెప్పినచో ఆ పేరు గల కాగితము తెరచుకొనును. పేరు "మిరప" అనుకొందము. ప్రతి పంక్తిలో మొదట బస్తాల సంఖ్య, తరువాత రకము వ్రాయుడు. ఇరువదియైదు తేజ, నూరు తేజ, నలుబది మరియొక రకము, ఇట్లు. సంఖ్యలను అంకెలలో వ్రాయవలెను. కంట్రోలు మీటతో ఓ నొక్కి ఎంటర్ కొట్టినచో భద్రపడును. కంట్రోలు మీటతో ఎక్స్ నొక్కినచో బయటికి వత్తుము. సి, ఏ, టి అను ఆజ్ఞ ఆ కాగితమును చదివి చూపును. జి, ఆర్, ఇ, పి అను ఆజ్ఞకు మొదట "తేజ" అనియు, పిమ్మట "మిరప" అనియు చెప్పినచో, ఆ ఫైలులో తేజ యను మాట ఉన్న పంక్తులను మాత్రమే ఏరి చూపును. సార్ట్ అను ఆజ్ఞ పంక్తులను వరుసలో పెట్టును. అయితే 25 కంటె ముందు 100 వచ్చుట చూచి ఆశ్చర్యపడకుడు. అది సంఖ్యలను కూడ అక్షరములుగానే చూచినది. ఒకటి రెండుకంటె ముందు కదా! ఎడము విడిచి ఒక చిన్న అడ్డగీత, దానికి అంటి ఎన్ అను అక్షరము చేర్చి చెప్పినచో సంఖ్యలుగా ఎంచి వరుస సరిచేయును. ఇట్లు అడ్డగీతతో చేర్చు అక్షరములు ఆజ్ఞకు విశేషణముల వంటివి.

ఈ వ్యవస్థలోని అసలు బలము ఆజ్ఞలను ఒకదానితో ఒకటి కలుపుటలో ఉన్నది. మిరప తోటలో కోయువారు ఒకరు, కళ్లములో ఆరబోయువారు ఒకరు, తాలుకాయ ఏరువారు ఒకరు, బస్తాలకు ఎత్తువారు ఒకరు, కాటా వేయువారు ఒకరు. ఒకరి పని ముగిసిన సరకు తరువాతివారి చేతికి పోవును. లినక్సు ఆజ్ఞలును అట్టివే. ఒక్కొక్కటి ఒక్క పనినే చక్కగా చేయును. రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువుగీత పెట్టినచో మొదటిదాని ఫలితము రెండవదానికి అందును. దీనిని పైపు అందురు. 1973లో డగ్ మెకిల్‌రాయ్ సూచనపై యూనిక్సులో ఈ సదుపాయము చేరినది. తేజ పంక్తులను ఏరు ఆజ్ఞ వ్రాసి, నిలువుగీత పెట్టి, డబ్ల్యు, సి అని వ్రాసి, ఎడము విడిచి అడ్డగీతతో ఎల్ చేర్చినచో అట్టి పంక్తులు ఎన్నియో లెక్క వచ్చును. మూడు పంక్తులకు ఇది వేళ్లపై లెక్కయే. మూడు వేల పంక్తులకును ఆజ్ఞ ఇదియే.

ఆ లెక్కించు ఆజ్ఞతో ఒక వినోదము. "వెల్దుర్తి" అను పేరును చదువునప్పుడు మనకు వె, ల్దు, ర్తి అను మూడు అక్షరములు. యంత్రము దానిని పది గుర్తులుగా ఎంచును. వకారము, ఎత్వము, లకారము, పొల్లు, దకారము, కొమ్ము, రకారము, పొల్లు, తకారము, గుడి. మన గుర్తు ఒక్కొక్కటి వాడుకలో ఉన్న పద్ధతిలో మూడు బైట్ల స్థలము తీసికొనును. కనుక పేరు మొత్తము ముప్పది బైట్లు. పంక్తి చివర ఎంటర్ ఉన్నచో దానికి మరి ఒకటి కలియును. మూడు, పది, ముప్పది, మూడును నిజములే. లెక్కించువాడు దేనిని లెక్కించుచున్నాడో తెలియవలెను. టెర్మినల్ కిటికీలలో కొన్నింట తెలుగు ఒత్తులు, గుణింతములు చెదరి కనబడును. ప్రతి అక్షరమునకు సమానమైన గడి కేటాయించుట అందుకు కారణము. కాగితములోని విషయము చెడినదని భయపడ నక్కరలేదు.

క్రొత్తవారిని కలవరపెట్టునది యంత్రము మౌనము. మౌనము అర్ధాంగీకారమని మన సామెత. ఇచట అది పూర్ణాంగీకారము. పని నెరవేరినచో యంత్రము సాధారణముగా ఏమియు పలుకదు. పని కానప్పుడే పలుకును. "అట్టి ఫైలు గాని ఫోల్డరు గాని లేదు" అని ఇంగ్లీషులో వచ్చినచో చిరునామా తప్పినదని అర్థము. "ఆజ్ఞ కానరాలేదు" అని వచ్చినచో మాట తప్పు వ్రాసితిమని అర్థము. ఈ రెండు వాక్యములను గుర్తుపట్టగలిగినచో సగము కష్టములు తీరును. ఇంగ్లీషు అంతగా రాని విద్యార్థికి టాబ్ మీట గొప్ప తోడు. పేరులో రెండు మూడు అక్షరములు వ్రాసి దానిని నొక్కినచో మిగిలినది యంత్రమే పూరించును. పైకి చూపు బాణపు మీట వెనుకటి ఆజ్ఞను మరల తెచ్చి యిచ్చును. తొలిదశకు కావలసిన మాటలు ఇరువదికి మించవు. ఎక్కాలు నేర్చినవాడు వీనికి జంకవలసిన పని లేదు.

జంకవలసిన ఆజ్ఞ ఒకటి కలదు. ఆర్, ఎమ్. ఇది తుడిచివేయు ఆజ్ఞ. బొమ్మల తెరపై తీసివేసిన కాగితము చెత్తబుట్టలో ఉండును. ఈ ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు. నేను నేర్చుకొను దినములలో "మిరప" అను పేరుతోనే రెండు ఫోల్డరులు ఉంచుకొంటిని. ఒకటి మా ఇంటి లెక్కల అసలు, మరియొకటి అభ్యాసమునకై చేసికొన్న నకలు. నకలులో ఉన్నానను నమ్మకముతో అసలులో నిలిచి ఆ ఆజ్ఞ ఇచ్చితిని. యంత్రము ఏమియు పలుకలేదు. ఒక యేటి లెక్కలు పోయినవి. నాన్నగారి కాగితపు చిట్టాలో అమ్మకములు దొరకినవి గాని కూలి బాకీలు దొరకలేదు. కోతకు వచ్చిన అమ్మలను, అక్కలను ఒక్కొక్కరినే పిలిచి, మీకు మేము ఎంత బాకీ యని అడుగవలసివచ్చెను. వారు చెప్పినదే లెక్క. ఎవరును ఒక్క రూపాయి ఎక్కువ చెప్పలేదని నాన్నగారు అనెడివారు. నా సిగ్గు మాత్రము అట్లే నిలిచినది.

కనుక ఆ ఆజ్ఞకు ముందు పి, డబ్ల్యు, డి అని అడుగుట నియమముగా పెట్టుకొనవలెను. ఆజ్ఞకు అడ్డగీతతో ఐ అను అక్షరము చేర్చినచో ఒక్కొక్క ఫైలునకు "తీసివేయుదునా?" అని అనుమతి అడుగును. మరియొక అపాయము ఎడములో ఉన్నది. నక్షత్రపు గుర్తు "ఏదైనను" అను అర్థమునిచ్చును. "తేజ" అను మాటకు అంటి నక్షత్రము పెట్టినచో తేజతో మొదలగు ఫైలులు మాత్రమే పోవును. రెంటి నడుమ పొరపాటున ఎడము పడినచో, తేజ యను ఫైలుతో పాటు అచటనున్న ఫైలులన్నియు పోవును. నోటితో చెప్పునప్పుడు ఈ రెండు ఆజ్ఞలకు భేదము వినబడదు. లినక్సులో ఎడము కూడ ఒక అక్షరమే యని ఎంచుకొనుడు.

ఎస్, యు, డి, ఓ అను మాటను ఆజ్ఞకు ముందు చేర్చినచో సర్వాధికారముతో ఆ పని జరుగును. క్రొత్త సాధనములను ఎక్కించుటకు ఇది అవసరము. రహస్యపదము అడుగును. లినక్సు రూపములలో కొన్నింట మనము వ్రాయుచున్నను తెరపై చుక్క కూడ కనబడదు. మీటలు చెడినవని తలపక వ్రాసి ఎంటర్ నొక్కుడు. ఎవరో చెప్పిన ఆజ్ఞను అర్థము తెలియక ఈ అధికారముతో నడుపుట, చదువకుండ ప్రామిసరీ నోటుపై వ్రాలు చేయుట వంటిది. అర్థము తెలిసికొనుటకు ఎమ్, ఏ, ఎన్ అను ఆజ్ఞ ఉన్నది. దాని తరువాత ఏ ఆజ్ఞ పేరు చెప్పినను దాని వివరణ పుటలు తెరచుకొనును. క్యూ నొక్కినచో మూతపడును. ఆ పుటలు చాలవరకు ఇంగ్లీషులోనే ఉన్నవి. తెలుగులో వ్రాయువారి కొరకు ఆ చాపపై చోటు ఖాళీగానే ఉన్నది. నేడు నేర్చుకొన్న విద్యార్థి రేపు ఆ పని చేయవచ్చును. అందుకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

దినమునకు పావుగంట చాలును. మొదటి వారము దారులు తెలిసికొనుట, రెండవ వారము వ్రాయుట, చదువుట, మూడవ వారము ఏరుట, వరుస పెట్టుట, కలుపుట. తుడుపు ఆజ్ఞను అన్నిటికంటె చివర, నకలు కాగితములపై అభ్యసింపుడు. ఇంటిలో మూలన పడియున్న యంత్రముపై దుమ్ము దులిపి కూర్చుండుడు. కూర్చుండగానే అడుగవలసిన మొదటి ప్రశ్న మాత్రము మరువకుడు. ఇది ఏ వెల్దుర్తి?